నీలిరెక్క నడవని దారి

అనగనగా ఒక ఊరు. అడవితో మొదలుపెట్టలేదేం అని మొహాలు చిట్లించకండి. అడవి కూడా ఉంది, ఊరికి పడమటి పక్కన. ఊరు మాత్రం మనది కాదు, ఇంగ్లండులోది. అక్కడ ఎండ చుట్టంలా వచ్చిపోతుంది, వాన ఇంటిమనిషిలా ఉండిపోతుంది. ఊరి చుట్టూ పచ్చిక బయళ్ళు, బయళ్ళ చుట్టూ పచ్చని ముళ్ళపొదలు పెంచిన ముళ్ళకంచెలు, ఆ కంచెల మధ్య నుంచి సన్నని కాలిదారులు ఉంటాయి.

అక్కడి జంతువులకి ఒక కట్టుబాటు ఉంది. పొలం ఒకరిదైనా, దాని మధ్య నుంచి పోయే కాలిదారి అందరిదీ. పొలం గలవాడు కాదనడానికి వీల్లేదు. కానీ ఒక షరతు ఉంది. ఏడాదికోసారి, ముళ్ళకంచెలు తెల్లగా పూసినప్పుడు, నడక రోజు వస్తుంది. ఆ రోజు ఏ దారి ఎవరికి కావాలో వాళ్ళు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కాళ్ళతో నడవాలి. నడిస్తే దారి ఉంటుంది. నడవకపోతే పొలంలో కలిసిపోతుంది. ఒకసారి కలిసిందంటే మళ్ళీ రాదు.

కొండదారిని కుందేళ్ళు నడిచేవి. అడవిదారిని నక్కలు నడిచేవి. కుంటదారిని బాతులు నడిచేవి. ఆ కుంటదారి కొమ్ములయ్య అనే పొట్టేలు పచ్చికలోంచి నదిదాకా పోతుంది. కంచె వచ్చినచోట, గొర్రెలు దాటకుండా మిగతావాళ్ళు దాటేలా, రెండు చెక్క మెట్లుంటాయి. కింది మెట్టు కింద బాతుపిల్ల దూరేంత సందు ఉంటుంది.

ఆ కుంటలో నీలిరెక్క అనే పడుచు బాతు ఉండేది. ఒక్కత్తే ఉండేది. ఆ చలికాలంలోనే వాళ్ళమ్మ పోయింది. ఆ తల్లి బతికినన్నాళ్ళూ నడక రోజు తప్పలేదు. ముసలితనంలో కుంటుకుంటూ కూడా నడిచింది.

"ఎగిరితే చిటికెలో పోతావు కదమ్మా, ఈ బురదలో పాట్లెందుకు?" అని నీలిరెక్క నవ్వేది.

"నడిచేది నాకోసం అనుకున్నావుటే పిచ్చిదానా?" అనేది తల్లి.

నీలిరెక్క ఆ మాటని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. మీరు మాత్రం పెద్దవాళ్ళు చెప్పిందంతా వింటున్నారు గనకనా! సరే, కథలోకి వద్దాం.

మళ్ళీ కంచెలు పూశాయి. నడక రోజు వచ్చింది. పొద్దున్నే కుందేలు తాత కుంట గట్టుకి వచ్చాడు. ఊళ్ళో దారులన్నీ నడిచారా లేదా చూసే పెద్ద ఆయనే.

"అమ్మా నీలిరెక్కా, లేచావా? ఈ ఏడు కుంటదారి నీ ఒక్కదాని మీదే ఉంది. బయల్దేరు."

"వాన పడుతోంది తాతా. కాస్త తెరిపివ్వనీ," అంది నీలిరెక్క.

బాతుకి వాన అడ్డమట! విన్నారా?

మధ్యాహ్నం తాత మళ్ళీ వచ్చాడు. వాన వెలిసింది.

"ఇప్పుడు పోవచ్చు కదమ్మా?"

"నాకు రెక్కలున్నాయి తాతా. నదికి పోవాలంటే ఎగిరిపోతాను. ఆ దారి నాకేం అవసరం?"

"ఇవాళ అవసరం లేదు. రేపు పిల్లలు పుడితే? ఎండాకాలం కుంట ఎండితే? పిల్లలకి అప్పటికి రెక్కలు రావు."

"పిల్లలా? ఇంకా పెళ్ళే కాలేదు!" అని నీలిరెక్క పకపకా నవ్వింది.

"పోనీ నీ బదులు నేను నడుద్దునా అంటే, అది చెల్లదు. ఎవరి దారి వాళ్ళే నడవాలి," అని తాత గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం అవుతుండగా ఆ పిల్లకే మనసు పీకింది. తల్లి గుర్తొచ్చింది. పోనీ నడిచొద్దాం అని చెక్క మెట్లదాకా వెళ్ళింది. అక్కడ కొమ్ములయ్య నిలబడి ఉన్నాడు. ముందు ఒక తొట్టి, తొట్టినిండా బార్లీ గింజలు ఉన్నాయి.

"రా తల్లీ, రా! మీ అమ్మ పోయిందని తెలిసి ఎంత బాధపడ్డానో! చిక్కిపోయావు. రెండు గింజలు తిను," అన్నాడు.

"దారి నడవాలి కొమ్ములయ్య మావా. పొద్దు వాలుతోంది."

"నడుద్దువుగానిలే. అయినా నీకీ బురదెందుకు? రేపు నీకు పిల్లలు పుట్టారనుకో, నాతో ఒక్క మాట చెప్పు. నేనే దగ్గరుండి గేటు తీస్తాను. మనలో మనకి కట్టుబాట్లేమిటి?"

గింజలు నానబెట్టినవి. మెత్తగా, కమ్మగా ఉన్నాయి. నీలిరెక్క ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తింది. కొమ్ములయ్య కబుర్లు చెబుతూనే ఉన్నాడు. తొట్టి ఖాళీ అయ్యేసరికి పొద్దు గుంకింది. కుందేలు తాత మూడోసారి వచ్చి చూశాడు. మెట్లకి అవతల బురదలో ఒక్క బాతు అడుగు కూడా లేదు.

తాత ఏమీ తిట్టలేదు. "అయిపోయిందమ్మా," అన్నాడు, అంతే.

మర్నాడే కొమ్ములయ్య చెక్క మెట్లు పీకించేశాడు. ఆ చోట ఎలుక కూడా దూరకుండా వల కంచె కట్టించాడు. దారంతా దున్నించి మేత గడ్డి చల్లించాడు. నీలిరెక్క పైనుంచి ఎగురుతూ అదంతా చూసింది. తనకేమీ తేడా కనిపించలేదు. పైగా ఆ రోజు నదిలో చేపపిల్లలు బోలెడు దొరికాయి.

ఏడాది తిరిగింది. నీలిరెక్కకి ఒక మగబాతుతో పెళ్ళయింది. ఆ మహానుభావుడు పెళ్ళాం గుడ్లు పెట్టగానే తన దారిన తాను ఎగిరిపోయాడు. ఏడుగురు పిల్లలు పుట్టారు. పసుప్పచ్చగా, బొద్దుగా, రోజంతా కీచుకీచుమంటూ తల్లి వెనకే తిరిగేవాళ్ళు. అందరికంటే చిన్నది చుక్క. దాని కంటి పక్కన నల్లటి మచ్చ ఉండేది.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. కుంట రోజురోజుకీ కుదించుకుపోయి, చివరికి బురద మిగిలింది. ఆ బురద కూడా నెర్రెలిచ్చింది. పిల్లలు ఆకలికి ఏడవడం మొదలుపెట్టారు. నది కనబడుతూనే ఉంది. పచ్చిక దాటితే నది.

నీలిరెక్క పిల్లల్ని వెంటబెట్టుకుని వల కంచె దగ్గరికి వెళ్ళింది.

"కొమ్ములయ్య మావా! గేటు తీస్తానన్నావు కదా. పిల్లలు వచ్చారు చూడు."

కొమ్ములయ్య మేస్తూనే అన్నాడు, "ఏ గేటు?"

"నువ్వే మాటిచ్చావు మావా! బార్లీ పెట్టిన రోజు."

"అప్పుడిక్కడ దారి ఉండేది, అందుకని మాటిచ్చాను. ఇప్పుడిది నా చేను. చేలోకి ఎవర్ని పడితే వాళ్ళని రానిస్తామా? లేత గడ్డి తొక్కేస్తారు."

"ఏడు పసికూనలు మావా! నీ గడ్డి ఏం తొక్కుతాయి?"

"ఇవాళ నిన్ను రానిస్తే రేపు ఊరంతా వస్తుంది," అని కొమ్ములయ్య అవతలికి తిరిగి మేయసాగాడు.

నీలిరెక్క కొండమీదికి ఎగిరివెళ్ళి కుందేలు తాత కాళ్ళమీద పడింది.

"నన్ను శిక్షించు తాతా, పిల్లల్ని కాదు. ఎలాగైనా దారి ఇప్పించు."

ముసలాయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఉన్న దారిని కాపాడగలను గానీ లేని దారిని ఎక్కడ తేనమ్మా? కొండ చుట్టి రావాలంటే పసికాళ్ళకి రెండు రోజులు పడుతుంది. మధ్యలో చుక్క నీరు లేదు. ఇంక తారు రోడ్డే ఉంది. కార్లు మలుపులో ఆగవు. పొద్దు పొడవకముందే పోండి."

పొద్దు పొడవకముందే బయల్దేరారు. కానీ పసికాళ్ళు ఎంత దూరం పోతాయి? సగం దారిలోనే తెల్లారింది. ఒకడు వెనకబడ్డాడు, వాడికోసం ఆగారు. ఇంకొకడు పడిపోయాడు, వాడిని ముక్కుతో లేపింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది.

మలుపులో కారు వచ్చింది. దాని వెనక ఇంకో కారు వచ్చింది.

ఏం జరిగిందో నేను చెప్పను. నన్ను అడగొద్దు. ఏడుగురు బయల్దేరారు, నదిలో ఇద్దరు దిగారు. చుక్క, ఒక అన్న. ఆ అన్న కూడా వారం తిరక్కుండా పోయాడు.

కొమ్ములయ్యకి ఏమైంది అంటారా? ఏమీ కాలేదు. బాగా ఒళ్ళు చేశాడు. ఆ గడ్డి మంచి గడ్డి. కథల్లో దుర్మార్గుడికి శిక్ష పడి తీరాలని మీకు ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ పడలేదు, నేనేం చెయ్యను?

చుక్క పెరిగింది. రెక్కలొచ్చాయి. అడవి మడుగులో కాపురం పెట్టింది. ఆ మడుగు నుంచి నదికి, ఇంకొకరి పొలంలోంచి, ఒక చిన్న కాలిదారి ఉంది. కంచెలు పూశాయి, నడక రోజు వచ్చింది. కుందేలు తాత ఇంకా ముసలివాడై, కర్రపుల్ల ఊతంగా మడుగు దగ్గరికి వచ్చాడు.

"చుక్కా, ఈ దారి నీదమ్మా. బయల్దేరు."

"నాకు రెక్కలున్నాయి కదా తాతా," అంది చుక్క.

కూతుర్ని చూడడానికి వచ్చి పక్కనే ఉన్న నీలిరెక్క గతుక్కుమంది. "అమ్మా చుక్కా, ఆ మాట అనకే! ఆ రోడ్డు, నీ అన్నలు, అంతా మరిచిపోయావా?"

"నేనప్పుడు పసిదాన్నమ్మా. నాకేం గుర్తులేదు. ఊరికే భయపెట్టకు," అని చుక్క నవ్వి, ఎగిరి నదివైపు వెళ్ళిపోయింది.

నీలిరెక్క మాత్రం బురదలోకి దిగి నడవడం మొదలుపెట్టింది. ఒక్కో అడుగూ గట్టిగా నొక్కి మరీ నడిచింది.

"ఇది చుక్క దారి. నువ్వు నడిస్తే చెల్లదమ్మా," అన్నాడు తాత వెనకనుంచి.

"తెలుసు తాతా," అంది నీలిరెక్క. అయినా ఆగలేదు. నది వచ్చేదాకా నడుస్తూనే ఉంది.

పొద్దు గుంకింది. చుక్క నడవడానికి తిరిగి రాలేదు. మర్నాడు ఆ పొలం గలవాడు కంచెకి వల తెచ్చి కట్టాడు.

నీతి: నీకు అక్కర్లేదని వదిలేసిన దారి, నీ పిల్లలకి కావలసిన రోజున ఉండదు.