బండ మీద అల ఎందుకు తల బాదుకుంటుంది?

ఒకప్పుడు సముద్రంలో దాగిన బండల మీద అలలు విరిగేవి కావు. చప్పుడు లేకుండా, నూనె జారినట్టు పైనుంచి జారిపోయేవి. కింద బండ ఉందని ఎవరికీ తెలిసేది కాదు. ఓడ వచ్చేది, మునిగేది. అంతే.

ఆ రోజుల్లో లిస్బన్ రేవులో దువార్తే అనే ఆయన సముద్రాల పటాలు గీసేవాడు. ఓడవాళ్లు ఆయన పటం చూసే దారి పట్టేవారు. లోతు కొలవడానికి ఆయన సీసపు గుండు అడుగున కొవ్వు పూసి, తాడుతో నీళ్లలోకి దించేవాడు. కొవ్వుకి ఇసుక అంటుకుని వస్తే అడుగు తగిలినట్టు.

ఒకరోజు ఆ గుండు, సూదిలా నిలబడ్డ ఓ బండ పక్కనుంచి రాసుకుంటూ దిగింది.

"ఓ గుండూ, పైకెళ్లి నేనున్నానని చెప్పవూ? మునిగేవాళ్ల ఏడుపు వినలేక చస్తున్నాను," అంది బండ.

"మనుషులకి నా మాట వినబడదు. కొవ్వుకి అంటుకున్నదే చూస్తారు. నీ ఒంటిమీద చిటికెడు ఇసుకైనా లేదే!" అంది గుండు.

తాడంతా అయిపోయింది. కొవ్వు శుభ్రంగా పైకొచ్చింది. మరోచోట దించి చూడొచ్చు కదా? దువార్తే చూడలేదు. తెలియదని రాయడమంటే ఆయనకి మహా నామోషీ. పటంలో ఆ చోట "లోతు నీళ్లు, భయం లేదు" అని రాసేశాడు.

ఏడాది తిరక్కుండానే ఆయన కూతురు బియాత్రిజ్ ఎక్కిన ఓడ సరిగ్గా అటే వచ్చింది. బండ అలని పిలిచింది.

"అలమ్మా, అలమ్మా! నా మీద పడి గట్టిగా అరిచి చెప్పు! వాళ్లు ఓడ తిప్పుకుంటారు!"

"అమ్మో! నీ మీద పడితే ముక్కలైపోతాను. నాకు భయం," అని అల మెల్లగా జారిపోయింది.

ఓడ ఫెళ్లుమని విరిగింది. నీళ్లలోంచి బియాత్రిజ్ కేక ఒక్కటే వినిపించింది.

"నాన్నా! భయం లేదని రాశావు కదా!"

తర్వాత ఏమీ వినిపించలేదు. అల ఆ కేక మరిచిపోలేదు.

ఓడ తిరిగి రాలేదని, కొన్నాళ్లకి దువార్తే చిన్న పడవలో కూతుర్ని వెతుక్కుంటూ వచ్చాడు. "బియాత్రిజ్! తల్లీ!" అని పిలుస్తూ నేరుగా బండవైపే వస్తున్నాడు. ఆ గొంతు విని అల తట్టుకోలేకపోయింది. "వద్దు! ఇటు రావద్దు!" అని అరుస్తూ పరుగెత్తి బండకి తల బాదుకుంది. తెల్లగా ముక్కలైపోయింది.

ఆ తెలుపు చూసి దువార్తే గభాల్న పడవ తిప్పాడు. బతికాడు. పటంలో పాత మాటలు కొట్టేసి, "ఇక్కడ బండ ఉంది. నాకు తెలియలేదు" అని రాశాడు.

అప్పటినుంచే, నీళ్ల కింద బండ ఉంటే చాలు, గాలి లేని రోజున కూడా అల వెళ్లి తల బాదుకుంటుంది. తెల్లగా విరిగి హోరుమని అరుస్తుంది. ఎన్ని ఓడలు తప్పుకుపోయినా ఆపదు. ఆ ఒక్క ఓడకి అరవలేదు కదా.