నక్కకు కుందేలు చెప్పిన నిజం

వాగు ఒడ్డున కుందేలు బుల్లెమ్మ వంగనారు పోసింది. మొలకలు రెండాకులు వేశాయో లేదో, మొదళ్లు మెత్తబడి ఒక్కొక్కటే పడిపోయాయి. మళ్లీ పోసింది, మళ్లీ అదే గతి. ఇక మిగిలింది గుప్పెడు విత్తనం. ఇదీ పోతే ఈ ఏడు పిల్లలకు పస్తులే.

ముసలి ఎద్దు భద్రయ్య వచ్చి ఒక మొలక పీకి చూశాడు.

"నారుకుళ్లు తల్లీ. మట్టిలో బూజు చేరింది."

"మందేమైనా ఉందా తాతా?"

"మందూ మట్టిలోనే ఉంది. కంటికి కనబడని మంచి బాక్టీరియా. అది బూజును ఎదగనివ్వదు. దాన్ని మాగిన పేడ ఎరువులో పెంచాను, పట్టుకుపో. నీడలో కుప్ప పోసి తడి గోనె కప్పు. వారం పోయాక మడిలో కలిపి విత్తనం చల్లు. ఎండలో ఆరబెట్టావో, అంతా చచ్చిపోతుంది."

బుల్లెమ్మ అలాగే నీడలో కుప్ప పోసి గోనె కప్పింది. తెల్లారి చూస్తే కుప్ప సగమే ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. అంతలో నక్క కామయ్య ఏమీ ఎరగనట్టు వచ్చాడు. అతని టమాటా నారు కూడా కుళ్లిపోతోందని ఊరందరికీ తెలుసు. మీసాలకు పేడ అంటుకునే ఉంది.

"ఏం చెల్లెమ్మా, ఎరువును గోనె కింద దాచావు?"

పోట్లాడితే పోయింది తిరిగి రాదు. కామయ్య పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా నమ్మలేదని బుల్లెమ్మకు తెలుసు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీడలోనే ఉంచాలి అన్నా. ఎండ తగిలితే పనికిరాదు."

"నిజంగానా?"

"నా పిల్లల మీద ఒట్టు."

ఒట్టు వినగానే కామయ్య మూతి చెవులదాకా సాగింది. నేరుగా ఇంటికెళ్లి, దొంగిలించిన ఎరువంతా బండ మీద పరిచి, మూడు రోజులు అప్పడాల్లా ఎండబెట్టాడు. బుల్లెమ్మ గట్టు మీద కూర్చుని ఆ వేడుకంతా చూసి, కడుపు పట్టుకుని నవ్వుకుంది.

నెల తిరిగేసరికి ఆమె మడిలో వంగనారు జానెడెత్తు లేచింది. కామయ్య నారు ఒక్కటీ మిగల్లేదు. అతను ఆయాసపడుతూ వచ్చాడు.

"ఎంత మోసం చేశావే, నిజం చెప్పి నన్ను ముంచావు."

"ఒట్టేసి మరీ చెప్పాను కదన్నా," అంది బుల్లెమ్మ, నారు కట్టలు కడుతూ.

అందరూ తనలాంటివాళ్లే అనుకునే మోసగాడికి నిజం చెప్పినా తలకెక్కదు.