బయటికి రావద్దని చాటింపు

జగ్గభూపతి మహారాజుకు ఆ ఉదయం మేడెక్కి వీధి చూడాలని బుద్ధి పుట్టింది. చూశాడు. దిగి కొలువుకు వచ్చి, ఇంకా ఎవరూ కూర్చోకముందే అడిగాడు.

"ఇల్లు కదలొద్దని నేను ఆజ్ఞ ఇచ్చిన ఊరేనా ఇది? తిరునాళ్లలా ఉందేం? నా మాట ఎందుకు చెల్లడం లేదో పొద్దు గూకేలోగా నాకు చూపించినవాడు ఏది కోరితే అది ఇస్తాను."

సంగతేమిటంటే, ఊళ్లోకి కొత్త జ్వరం వచ్చింది. మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందని వైద్యుడు తేల్చాడు. అందరూ ఇళ్లలోనే ఉండాలన్నాడు రాజు. జనం సరేనన్నారు. సరేనని, ఎవరి పని మీద వాళ్లు బయటికి వచ్చారు.

పశువులను మేపుకునేవాళ్లకు మినహాయింపు ఉందని తెలిశాక ఊళ్లో మేకలకు తీరిక లేకుండా పోయింది. ఒకే మేక పొద్దున కంసాలితో, మధ్యాహ్నం కరణంతో, సాయంత్రం కరణంగారి మామగారితో మేతకు వెళ్లేది. తిని తిని దానికి తిండంటేనే విసుగొచ్చింది. ఇంటింటా మిరియాల కషాయం మరిగింది. ఊరంతా వైద్యులే అయ్యారు. ఏ మందు పనిచేస్తుందో తెలియదని ఒప్పుకున్నవాడు వైద్యుడొక్కడే.

కొలువులోనూ కట్టుదిట్టమే. ఒక్కొక్కరికీ ముగ్గుపిండితో ఒక గుండ్రం గీశారు. ఎవరి గుండ్రంలో వాళ్లు కూర్చోవాలి. రాజుగారిది కాస్త పెద్దది.

కొత్వాలు శరభయ్య తన గుండ్రంలో లేచి నిలబడి మీసం దువ్వాడు.

"జనానికి భయం లేదు ప్రభూ. బయటికి రావద్దని రెండు పూటలా తప్పెట కొట్టించి చాటిస్తున్నాను. రేపటి నుంచి నాలుగు పూటలా కొట్టిస్తాను. వచ్చినవాళ్లను వచ్చినట్టే పట్టి పశువుల బందెలదొడ్డిలోకి తోలిస్తున్నాను. దొడ్డి నిండిపోయింది."

"నిండితే ఎలాగయ్యా?"

"ఇంకాస్త దగ్గరికి జరగమన్నాను ప్రభూ."

రాజు తాంబూలం నోట్లో వేసుకుని అబ్బా అన్నాడు. నాలుక చురుక్కుమంది.

"ఏమిరా దోనప్పా, సున్నం ఆకుకు రాశావా, ఆకును సున్నంలో ముంచావా?"

దోనప్ప రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే సేవకుడు. చేతి నేర్పు, మాట నేర్పు రెండూ ఉన్నవాడు. ఆ రోజు మాత్రం మనసు ఆకుల మీద లేదు. తెల్లవారుజాము నుంచి అతని భార్య తిమ్మక్క పురిటినొప్పులు పడుతోంది. ఊరికి ఉన్నది ఒక్క మంత్రసాని, ఓబుళమ్మ. ఆవిడ నిన్న తప్పెట విని, ఏమిటో కనుక్కుందామని నాలుగు వీధుల కూడలికి వచ్చింది. ఇప్పుడు దొడ్డిలో ఉంది.

కొలువుకు వచ్చే ముందు దోనప్ప కొత్వాలు గుమ్మంలో నిలబడి బతిమాలాడు కూడా.

"ఓబుళమ్మను వదలండి బాబూ, మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు పట్టుకుంటే జ్వరం అంటుకుంటుంది. దూరంగా నిలబడు. ఆకులు చుట్టుకునేవాడివి, ఆజ్ఞల సంగతి నీకెందుకురా? ఊళ్లో జ్వరం తగ్గాక కనమను."

అదీ జరిగింది. ఇప్పుడు అదే కొత్వాలు కొలువులో ఛాతీ విరిచి చెబుతున్నాడు:

"క్రమశిక్షణ మన దగ్గర నేర్చుకోవాలి ప్రభూ. ఇన్నాళ్లలో ఈ గీత దాటి ఒక్కరి కాలైనా బయట పడిందా? పడదు. పెద్దమనుషులకూ మామూలు జనానికీ ఉన్న తేడా అదే."

"నిజమే ప్రభూ," అన్నాడు దోనప్ప వినయంగా. "సున్నం మార్చి తెస్తాను, సెలవిప్పించండి."

వెళ్లాడు. కోట వాకిట్లో చాటింపు మనిషి తప్పెట పక్కన పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. దోనప్ప తప్పెట మెళ్లో వేసుకుని, బలమంతా పెట్టి వాయించాడు.

లోపల అందరూ తలలెత్తారు.

"ఏమిటది?" అన్నాడు మంత్రి. అడుగుతూనే లేచాడు.

"యుద్ధమా?" అన్నాడు సేనాపతి. "నిధి దొరికిందేమో," అన్నాడు కోశాధికారి. ఇద్దరూ పరుగెత్తారు. వెనక వైద్యుడు. ఆ వెనక రాజుగారు. అందరినీ మోచేతులతో తోసుకుంటూ కొత్వాలు. గుమ్మం దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. రాజుగారి కిరీటం వైద్యుడి చెవిలో గుచ్చుకుంది. వైద్యుడి ఊపిరి నేరుగా మంత్రి ముఖాన పడింది.

"ఏం చాటింపురా? చెప్పి చావు!" అందరికంటే ముందు నిలబడి రొప్పుతూ అడిగాడు కొత్వాలు.

"ఎవరి గుండ్రంలోంచి వాళ్లు కదలొద్దని బాబూ."

ఒక్కొక్కరూ తమ భుజం ఎవరి భుజానికి ఆనుకుని ఉందో చూసుకున్నారు.

రాజుకు కోపం వచ్చింది. "ఓరి వెధవా! చెవులు పగిలేలా తప్పెట కొడితే, ఏమైందోనని మనిషన్నవాడు బయటికి రాకుండా ఉంటాడురా?"

దోనప్ప చేతులు కట్టుకున్నాడు.

"ఊళ్లోవాళ్లదీ అదే మాట ప్రభూ. దొడ్డిలోంచి అరుస్తున్నారు, ఇక్కడికి వినపడడం లేదు."

రాజు కొత్వాలు వైపు చూశాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కొత్వాలు చప్పుడు చేయకుండా ఒక కాలు గడప లోపలికి లాక్కున్నాడు.

"చూపించావురా! కోరుకో," అన్నాడు రాజు.

"ఓబుళమ్మ కావాలి ప్రభూ. ఇప్పుడే."

"మంత్రసానా? మాన్యం అడుగుతావనుకున్నానే!"

"మాన్యం ఆగుతుంది ప్రభూ. బిడ్డ ఆగదు."

"అయితే రెండూ ఇచ్చాను. దొడ్డి తలుపు తీసి అందరినీ ఇళ్లకు పంపండి. తప్పెట మూల పడేయండి. ఇకమీదట చెప్పాల్సింది ఇంటింటి కిటికీ దగ్గరా మెల్లగా చెప్పండి. శరభయ్యా! నీ గుర్రం మీద ఓబుళమ్మను ఎక్కించు. కళ్లెం పట్టుకుని నువ్వే నడిపించు."

కొత్వాలు నడుం వంచి దండం పెట్టాడు.

"చిత్తం ప్రభూ. దారిలో జనం అడ్డం రాకుండా ముందు తప్పెట కొట్టించమంటారా?"

కొలువు కొలువంతా గోడలు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వినడానికి దోనప్ప లేడు. అప్పటికే దొడ్డి వైపు పరుగు తీశాడు.