చప్పుళ్ల వడ్డీ

అనగనగా గంటలు పోతపోసే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో నాగలింగం అనే కంచరి ఉండేవాడు. ఒక ఏడు గాలివానకు అతని కొలిమి కూలిపోయింది. మళ్లీ కట్టుకోవడానికి కొండ అవతలి షావుకారు దగ్గర అప్పు చేశాడు.

ఆ షావుకారు నడిస్తే ఎండుటాకులు కూడా చప్పుడు చేసేవి కావు. ఆయన వడ్డీగా డబ్బు అడగలేదు.

"అసలు తీర్చేదాకా ఏడాదికోసారి వస్తాను ఆచారీ. మీ ఇంట్లో నాకు నచ్చిన చప్పుడొకటి పట్టుకుపోతాను" అన్నాడు.

చప్పుడుదేముంది, గాలికి పోయేదే కదా అని నాగలింగం లోలోపల నవ్వుకున్నాడు. తెలివైనవాడినని అతనికి గట్టి నమ్మకం.

ఏడాది తిరిగేసరికి అప్పుకు సరిపడా డబ్బు చేతికొచ్చింది. తీర్చేయమని భార్య మాణిక్యాంబ చెప్పింది. అతను వినలేదు. ఆ డబ్బుతో రాగి కొని, గంటలు పోసి రెట్టింపు చేశాడు. షావుకారు వచ్చి వెళ్లాడు. మర్నాడు పొద్దున కోడిపుంజు గోడెక్కి, మెడ చాచి నోరు తెరిచింది. కూత రాలేదు. పోతే పోయిందిలే అన్నాడు నాగలింగం.

రెండో ఏడూ అంతే. మాణిక్యాంబ బతిమాలింది, అతను ఇంకా సరుకు కొన్నాడు, లాభం ఇంకా పెరిగింది. షావుకారు వచ్చి వెళ్లాక ఒకనాడు అతనేదో వేళాకోళమాడితే ఆమె నవ్వింది. భుజాలు కదిలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వు మాత్రం వినబడలేదు. ఆమె గొంతు పట్టుకుని భర్త వంక చూసింది. అతని ఒళ్లు గగుర్పొడిచింది. అయినా ఇంకొక్కసారి సరుకు కొన్నాక అప్పు తీర్చేద్దాంలే అనుకున్నాడు.

మూడో ఏడు ఓడరేవు నుంచి చవక రాగి వచ్చింది. నాగలింగం డబ్బు మూట కట్టుకుని బయలుదేరబోతుంటే అరుగు మీద షావుకారు కూర్చుని ఉన్నాడు.

"అప్పు ఎక్కడికి పోతుంది ఆచారీ? ముందు సరుకు కొనుక్కో" అన్నాడు ఆప్యాయంగా.

అంతలో లోపలి నుంచి కూతురు సుగుణ, అన్నం చల్లారిపోతోంది నాన్నా అని పిలిచింది. షావుకారు కళ్లు మూసుకుని, కొత్తావకాయ వాసన తగిలినవాడిలా లొట్టలు వేశాడు.

"మీ అమ్మాయి గొంతేనా?" అని మెల్లగా అడిగాడు.

నాగలింగం మూట విప్పి అసలంతా ఆయన ఒళ్లో కుమ్మరించాడు. తర్వాత చేతులు జోడించి, నా భార్య నవ్వు ఇచ్చేయమని వేడుకున్నాడు.

"కట్టిన వడ్డీ తిరిగిచ్చే ఆచారం ఎక్కడుంది?" అంటూ షావుకారు లేచి వెళ్లిపోయాడు. అరుగు దిగిన అలికిడి కూడా కాలేదు.

ఆ రాగి పక్కవీధి కంచరి కొని ధనవంతుడయ్యాడు. ఊరంతా నాగలింగాన్ని తెలివితక్కువవాడంది. అతనవేవీ పట్టించుకోలేదు. సాయంత్రాలు సుగుణ గలగలా కబుర్లు చెబుతుంటే వినేవాడు. ఆ కబుర్లకు మాణిక్యాంబ నిశ్శబ్దంగా నవ్వుతుంటే తల వంచుకుని ఏడ్చేవాడు.

కాబట్టి పిల్లలూ, లాభం ఎంతొస్తుందని లెక్క వేసుకునే ముందు వడ్డీ కింద ఏం పోతోందో చూసుకోవాలి. చేతిలో డబ్బున్నప్పుడే అప్పు తీర్చేయాలి.