పచ్చరాళ్ల సుంకన్న

అనగనగా... మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళైనా రాని కాలం. ఒక తెల్లకొండ, కొండ కింద సున్నం కాల్చేవాళ్ళ గూడెం. పొద్దున గుంతలో దిగి రాయి కొట్టడం, మధ్యాహ్నం మోయడం, సాయంత్రం బట్టీకి పేర్చడం. అంతే వాళ్ళ బతుకు.

ఆ గూడెంలో సుంకన్న అని ఒకడుండేవాడు. అతని భార్య ఈరమ్మ. సున్నం జల్లించీ జల్లించీ ఆమె అరచేతులు పగిలిపోయాయి. అన్నంలో చెయ్యి పెడితే భగ్గున మంట. సుంకన్నే ముద్దలు కలిపి పెట్టేవాడు. ఆ చేతులు చూసినప్పుడల్లా అతనికి మాత్రం ముద్ద దిగేది కాదు.

గుంతలో ఒక కట్టుబాటు ఉండేది. సున్నపురాయి కానిది ఏది కనబడినా, కనబడినవాడు నలుగురినీ పిలవాలి. పామైనా సరే, లంకెబిందెలైనా సరే.

ఒకరోజు తెల్లరాయి పోయి నల్లరాయికి ఆనిన చోట సుంకన్న సుత్తి వేశాడు. పచ్చగా మెరిసింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ మెరిసింది. మూడోసారీ అంతే. మూడు రాళ్ళు! పలకలు పలకలుగా, గాజులా నున్నగా, ముదురు కాకరకాయ రంగులో ఉన్నాయి. "పచ్చలే!" అనుకున్నాడు. నవ్వకండి. పుట్టి బుద్ధెరిగి సున్నం తప్ప చూడనివాడు మరేమనుకుంటాడు?

పిలుద్దామని నోరు తెరిచాడు. ఈరమ్మ చేతులు గుర్తొచ్చాయి. నోరు మూసుకున్నాడు.

రాళ్ళను ఊడదీయడానికి గునపంతో లోతుగా పెకలించాడు. పైబండ కింద బొరియ పడింది. బండ జారకుండా దుంగ ఆనించాలి, దానికి ఇంకొకరు రావాలి. వస్తే చూస్తారు. చూస్తే పంచాలి. అందుకని బొరియను రాతిపొడితో పూడ్చేసి, మూడు రాళ్ళూ రొంటిన దోపుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు ఆ బండ కింద మద్దిలేటి రాయి కొడుతున్నాడు. మద్దిలేటి అంటే సుంకన్నకు చిన్ననాటి జతగాడు, ఒక కంచంలో తిని ఒక గోనెమీద పడుకున్నవాడు. బండ జారింది. మద్దిలేటి కుడిచెయ్యి దాని కింద పడింది. అందరూ పరుగెత్తుకొచ్చి బండ ఎత్తారు. చెయ్యి మాత్రం చెయ్యిలా లేదు.

"బండ ఊరికే ఎట్ల జారుతాదిరా?" అన్నాడు గూడెం పెద్ద.

అందరూ బండకేసి చూశారు. సుంకన్న రొంటి తడుముకున్నాడు. తేలు కుట్టిన దొంగ, అరవడానికి లేదు.

అప్పుడైనా చెప్పాడా? చెప్పలేదు. ఆశకు సిగ్గుంటే కదా! రాళ్ళు అమ్మి మద్దిలేటికి సగం ఇస్తే సరిపోతుందిలే అని మనసుకు జోలపాడుకుంటూ పట్నం పోయాడు.

పట్నంలో నగల శెట్టి మూడు రాళ్ళనూ వెలుగుకు పెట్టి చూశాడు. గీసి చూశాడు. నవ్వాడు.

"ఇవి పచ్చలు కావు నాయనా. మీ సున్నపుకొండల్లో తెల్లరాయి, నల్లరాయి కలిసే అతుకులో మొలిచే రాళ్ళు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కొనేవాళ్ళే ఉండరు. అయినా ఆ అతుకు దగ్గర జాగ్రత్త సుమా, అక్కడ కొండకు పట్టుండదు."

సుంకన్న ముఖం కత్తివేటుకు నెత్తురుచుక్క లేనట్టయింది. తిరుగుదారిలో వాగు అడ్డం వచ్చింది. రాళ్ళు వాగులో పారేద్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు. ఎటైనా పోదామనుకున్నాడు. కాలు రాలేదు. దేవుడికి చెప్పుకుందామనుకున్నాడు. నలిగింది దేవుడి చెయ్యి కాదు కదా! తిన్నగా మద్దిలేటి గుడిసెకు పోయి రాళ్ళు ముందు పెట్టాడు.

"బండ ఊరికే జారలేదురా. ఈటికోసరం నేనే తవ్వినా. ఎవురినీ పిలవలేదు."

మద్దిలేటి తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఎడమచేత్తో ఒక రాయి ఎత్తి చూశాడు.

"బాగుండాదిరా," అన్నాడు. "నన్ను పిలిచింటే వస్తుంటి కదరా. దుంగ పెట్టి, నాకేం వద్దు, ఈరమ్మకు తీసుకపో అంటుంటి."

సుంకన్న తల దించుకున్నాడు. ఆ తల మళ్ళీ ఎత్తలేదు. గూడెం అందరి ముందూ తప్పు చెప్పుకున్నాడు. వాళ్ళు కొట్టలేదు, వెలివేయలేదు. అదే అతనికి మరీ బరువైపోయింది.

ఆనాటి నుంచి రోజూ అందరికంటే ముందు తానే గుంతలో దిగేవాడు. సుత్తితో గోడను మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గట్టిగా మోగితే "రండి" అనేవాడు. బోలుగా మోగితే, దుంగలు ఆనించేదాకా ఎవర్నీ కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

"ఇంగ చాలుగానీ, ఎన్నాళ్ళు ఇట్ల?" అంది ఈరమ్మ ఒకనాడు.

"మద్దిలేటి చెయ్యి మొలిచేదాకా."

మొలవదని ఇద్దరికీ తెలుసు.

ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం పొద్దున సుంకన్న గుంతలో దిగాడు. ఒక దెబ్బ వినబడింది. రెండో దెబ్బ వినబడింది. "రావొద్దు! ఎవురూ రావొద్దు!" అని కేక వినబడింది. మూడో దెబ్బ లేదు. గోడ కూలిపోయింది. పైన నిలబడ్డ గూడెమంతా బతికింది.

మళ్ళీ గుంతలో దిగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి మద్దిలేటి ఎడమచేత్తో సుత్తి పట్టుకుని దిగాడు. గోడను మూడుసార్లు కొట్టాడు.

"సుంకన్నా, రమ్మంటావా?" అని అడిగి చెవి ఆనించాడు. గోడ గట్టిగానే మోగింది. అయినా చాలాసేపు చెవి తియ్యలేదు.

ఇప్పటికీ ఆ కొండల్లో రాయి కొట్టేవాళ్ళు గోడ కొట్టి, సుంకన్నను అడిగే దిగుతారు. అతుకులో పచ్చరాయి మెరిస్తే సుత్తి కిందపెట్టి అందరినీ కేకేస్తారు. ఇక ఎవడైనా తప్పు చేసి, ముఖం చెల్లక మూల కూర్చుంటే, అక్కడి ముసలమ్మలు వాణ్ణి తిట్టరు, ఓదార్చరు.

"లెయ్‌రా," అంటారు. "పోయి గోడ కొట్టు."