వెయ్యి లైకుల సూది

శిష్యులు అడిగినదానికి పరమేశ్వరశాస్త్రిగారు ఏనాడూ నేరుగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఒకనాడు విరూపాక్షుడు, "నలుగురూ మెచ్చినవాడికే ఏదైనా ముందు దక్కాలంటే అందులో తప్పేముంది గురువుగారూ?" అన్నాడు. ఆయన చదువుతున్న పుస్తకం మూసి, ఒక పట్టణం సంగతి ఎత్తుకున్నారు.

ఆ పట్టణంలో ఫోనులో పడే లైకులదే రాజ్యం. ఆసుపత్రిలో వరుస కూడా వాటి ప్రకారమే. అంతకుముందు పెద్దింటివాళ్ల తుమ్ములకే మందులన్నీ అయిపోయేవి గనక, కొత్త పద్ధతి వచ్చిననాడు చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టినవాళ్లలో గడ్డి కోసి అమ్ముకునే సన్యాసమ్మ కూడా ఉంది. పాపం, ఆ మనిషి ఆశపడిందంటే వింతేముంది.

ఒక మధ్యాహ్నం ఆమె మొగుడు సూరప్పడిని గడ్డిలో తాచుపాము కరిచింది. తోపుడుబండి మీద తెచ్చి ఆసుపత్రి అరుగు మీద పడుకోబెట్టింది. కాంపౌండరు ఆమె ఫోను చూసి పెదవి విరిచాడు.

"నీకు పదకొండు లైకులేనమ్మా. వెయ్యి దాటితేగాని విరుగుడు సూది వెయ్యకూడదు. ఆయన్ని వీడియో తీసి పెట్టు, జనం జాలిపడతారు."

లోపల, కుక్కచేత పాటలు పాడించి పేరు తెచ్చుకున్న పెద్దమనిషి తీరిగ్గా పన్ను చూపించుకుంటున్నాడు.

ఆమె రెండు చేతులా ఫోను ఎత్తిపట్టింది. జనం నిజంగానే జాలిపడ్డారు. మూడొందలు, ఆరొందలు, ఎనిమిదొందలు. సూరప్పడి రెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది.

"ఆ ఫోను పక్కనెట్టి నా సెయ్యి అట్టుకోవే."

"ఇంకో రెండొందలే మావా. కాస్త ఓర్సుకో," అంది, చూపు తిప్పకుండా. కదిలితే బొమ్మ చెదురుతుందని ఆమె భయం.

వెయ్యి దాటింది. కాంపౌండరు మాట తప్పలేదు, సూది పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రానికి లైకులు లక్ష దాటాయి. ఎవరి బొమ్మకు ఎక్కువ వస్తే ఆ వారానికి వాళ్లే ఊరిపెద్ద అని అక్కడి కట్టుబాటు. అందుకని శవానికి రెండు దండలు పడ్డాయి, ఒకటి చావుకు, ఒకటి పదవికి. సన్యాసమ్మ ఆ చల్లబడ్డ చేతిని పట్టుకుని కూర్చుంటే, ఫొటోకి అడ్డమని పక్కకు జరగమన్నారు.

"ఆ పాపం ఎవరిది గురువుగారూ?" అన్నాడు విరూపాక్షుడు.

"తప్పేముందని అడిగింది నువ్వే కదా," అన్నారు శాస్త్రిగారు, పుస్తకం తెరుస్తూ. "ఆ పట్టణమంతా వెతికాను నాయనా. ఒక్కడూ తప్పు చెయ్యలేదు."