పన్నెండో మెట్టు

ఈ కథ అబద్ధం అనేవాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి అనండి. మధ్యలో నోరు మెదిపితే ఊరుకోను. లేచేవాళ్ళు లేరుగా? అయితే వినండి.

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఒక్క పిడికిటితో ఏనుగును కూర్చోబెట్టేవాడు. రెండోవాడు ఒక్క బాణంతో మూడు మబ్బులు గుచ్చేవాడు. మూడోవాడు కంధరుడు మాత్రం పెంటకుప్పలు వెతికి, పగిలిన పెంకులూ పాత మేకులూ తెచ్చి బొమ్మలు చేసేవాడు. ఆ పని నేర్పిన ముసలి బొమ్మలవాడు ఒక మాట చెప్పాడు: "ఏది చేసినా ఒక్క లోపం ఉంచు నాయనా. లేకపోతే దిష్టి తగులుతుంది."

ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడు రాకుమారి పద్మలేఖను కోటలో బంధించాడు. అన్నలిద్దరూ విడిపించబోయి, గడపలో కాలు పెట్టగానే రాళ్ళయ్యారు. కంధరుడు విరిగిన మంచాలతో తెప్ప కట్టి, ఏడు సముద్రాలూ దాటి, ఆ రాళ్ళను కావలించుకుని ఏడు పగళ్ళు ఏడ్చాడు. సముద్రం ఏడు మూరలు పొంగింది.

ఆ ఏడుపుకి మూడు ఎలుకలు వచ్చాయి. అన్నలు గింజడు, పొట్టుడు. చెల్లెలు నూకాలు.

"గడప దాటితే రాయయ్యేది మనుషులే బాబూ, మేం కాదు," అంది నూకాలు. "మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. ఆ పంజరం కోట లోపలి బావి మీద వేలాడుతోంది. తాడు కొరికితే సరి. కానీ లోపలంతా చీకటి, దారి తెలీదు."

కిటికీలోంచి పద్మలేఖ దారి చెబుతుంటే, కంధరుడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొబ్బరిచిప్పలూ మునిగిన ఓడల చెక్కలూ ఏరి కోట నమూనా చేశాడు. గింజడు అందులో మూడుసార్లు తిరిగి, దారి నేర్చుకుని వెళ్ళాడు. బావిలో పడి చచ్చాడు.

కంధరుడు ఏడుస్తూ రెండో నమూనా చేశాడు. పొట్టుడు నేర్చుకుని వెళ్ళాడు. కోటలో పిల్లి నోట పడ్డాడు.

"నా చేతులు బొమ్మలకే పనికొస్తాయి," అంటూ కంధరుడు రెండు నమూనాలూ సముద్రంలో పారేయబోయాడు. ఎత్తగానే లోపలికి వెలుగు పడింది.

"ఆగు," అంది పద్మలేఖ. "నేను పన్నెండు మెట్లన్నాను. మొదటిదానికి పదకొండే పెట్టావేం? రెండోదానికి ఎడమ తలుపు కుడివైపుకెలా వచ్చింది?"

"దిష్టి తగలకూడదని."



"నీ బొమ్మకు తగల్లేదులే బాబూ," అంది నూకాలు. "మా అన్నలకు తగిలింది."

కంధరుడు రెండు నమూనాలూ కింద పెట్టేశాడు.

"ఇంకోటి చెయ్యి," అంది నూకాలు. "నా అన్నలు ఎలాగూ రారు. నీ అన్నలు రాళ్ళయినా ఉన్నారు."

మూడోది ఏ లోపమూ లేకుండా చేశాడు. పన్నెండో మెట్టు చివరగా పెట్టాడు. నూకాలు మెట్లు లెక్కపెట్టుకుని వెళ్ళింది. పొద్దు నడినెత్తికి రాకముందే పంజరం బావిలో పడింది. మాంత్రికుడు కూలాడు. రాళ్ళు ఊపిరి పీల్చాయి.

కంధరుడు పద్మలేఖను పెళ్ళాడి మూడు వందల ఏళ్ళు ఏలాడు. ఆ నమూనా మీదే పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. పన్నెండో మెట్టు దగ్గరకు రాగానే మాత్రం ఆగిపోయేవాడు. పిల్లలే "పన్నెండు" అనేవారు.

నమ్మకం కుదరలేదా? మా ధాన్యపు గాదె కింద ఒక ముసలి ఎలుక ఉంది. వెళ్ళి అడగండి. దాని పేరు నూకాలు.